ఆవ పెట్టిన రొయ్యలు: వంట కోల్‌కతాది, పాత్ర మన ఇడ్లీలది

కోల్‌కతాలో తెలిసినవాళ్లు భోజనానికి పిలిస్తే వెళ్లాం. అన్నం పక్కన ఒక స్టీల్ టిఫిన్ డబ్బా పెట్టి మూత తీశారు, ఆవ ఘాటు నేరుగా ముక్కుకెక్కింది. భాపా చింగ్డి అంటారట. భాపా అంటే ఆవిరి మీద ఉడికించింది, చింగ్డి అంటే రొయ్య. ఉల్లిపాయ లేదు, పోపు లేదు, చింతపండు అసలే లేదు. నెల్లూరులో రొయ్యలంటే ఇగురో వేపుడో తెలిసిన మాకు ఇది పూర్తిగా కొత్త రుచి.

ఇంటికొచ్చి మొదటిసారి చేసినప్పుడు చెయ్యి ఊరుకోక కాస్త చింతపండు రసం పోశాను, ఆ పులుపుకి ఆవ రుచి ఎటు పోయిందో తెలియలేదు. బయటి వంట ఇంట్లో చేసేటప్పుడు పాత్ర మార్చుకోవచ్చు, పద్ధతి తేలిక చేసుకోవచ్చు, కానీ ఆ వంటకి ప్రాణం ఏదో అది మాత్రం వదలకూడదు. దీనికి ప్రాణం ఆవ, ఆవనూనె.

మనకి రొయ్యల కొరత లేదు కాబట్టి 40 కౌంట్ (కిలోకి 40 తూగే) వెనామీ రకం రొయ్యలు పావుకిలో తీసుకోండి, మరీ చిన్నవైతే గట్టిపడిపోతాయి. పొట్టు, వీపు మీది నల్ల నరం తీసి, ఉప్పు పసుపు రాసి కడిగి, నీళ్లు బాగా వంపేయండి.

ఇక ఆవ. అసలు కష్టమంతా ఇక్కడే. వాళ్లు పసుపు ఆవాలు కూడా కలుపుతారు, అందుకని చేదు తక్కువ. మన చిన్న నల్ల ఆవాలైతే రెండు టీస్పూన్లు చాలు. అరగంట చల్లనీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మూడు పచ్చిమిర్చి, కాస్త ఉప్పు వేసి చల్లనీళ్లతోనే రుబ్బండి. వేడినీళ్లు పోస్తే ఘాటు పుట్టదు. మిక్సీని ఆపకుండా తిప్పితే చేదెక్కుతుంది, ఆపి ఆపి తిప్పండి. అరటికాయ ఆవ పెట్టిన కూర చేసే ఇళ్లలో ఈ సంగతి పెద్దవాళ్లకి బాగా తెలుసు, ఒకసారి అడగండి.

ఆ ముద్దలో మూడు స్పూన్ల పచ్చికొబ్బరి తురుము, ఒక స్పూన్ గట్టి పెరుగు, పావు స్పూన్ పసుపు, రెండు పెద్ద స్పూన్ల పచ్చి ఆవనూనె కలిపి, రొయ్యలకి పట్టించి పావుగంట ఉంచండి. ఉప్పు చూసుకుని వేయండి, ముద్దలో ముందే ఉంది. ఆవనూనె దొరక్కపోతే పల్లీనూనెతో కూడా చేశాను, తినడానికి బాగానే ఉంది కానీ కోల్‌కతాలో తిన్న రుచి రాలేదు, కాబట్టి ఒక చిన్న సీసా తెచ్చుకోండి.

గట్టి మూత ఉన్న స్టీల్ డబ్బాలో సర్ది, పైన రెండు పచ్చిమిర్చి చీరి వేసి మూత పెట్టండి. ఇడ్లీ పాత్రలో డబ్బా మూడో వంతు మునిగేలా నీళ్లు పోసి, అవి మరిగాక డబ్బా పెట్టి 12 నిమిషాలు ఉంచండి. కుక్కర్లో పెట్టి విజిల్స్ మాత్రం వద్దు, రొయ్య రబ్బరైపోతుంది. స్టవ్ ఆపాక అయిదు నిమిషాలు డబ్బా తెరవకండి. తెరిచాక ఒక స్పూన్ పచ్చి ఆవనూనె పైన పోసి, వేడి వేడి మొలగొలుకుల అన్నంలో కలుపుకోండి. పక్కన ఇంకో కూర పెట్టకండి, ఆ పూటకి ఇదొక్కటే చాలు.