ఎండాకాలంలో మా బర్రెల మేత: వరిగడ్డిని మాగబెట్టే పద్ధతి

ఇబ్రహీంపట్నం దాటాక మా కొట్టం. నాలుగు బర్రెలు. పొద్దున్నే పాలు వనస్థలిపురం తీసుకెళ్లి పోసేది మా ఆయన, కొట్టం పని నాది. మార్చి దాటిందంటే బోరు ఆగి ఆగి పోస్తుంది. ఉన్న పచ్చిగడ్డి పాలిచ్చే రెండింటికే చాలదు, మిగతా వాటికి వరిగడ్డే గతి. ఉత్త వరిగడ్డితో కడుపు నిండుతుంది కానీ ఒంటికి పట్టదు. అందుకే యూరియాతో మాగబెడతాను.

100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియాను దోసిళ్ల లెక్కన వేయకండి, తూకం వేయండి. ఒక్క పలుకు కూడా మిగలకుండా కరగాలి. టార్పాలిన్ పరిచి, దాని మీద జానెడు మందాన గడ్డి వేసి, ఆ నీళ్లు చల్లి, ఎక్కి గట్టిగా తొక్కాలి. మళ్లీ ఒక పొర, మళ్లీ నీళ్లు, మళ్లీ తొక్కుడు. చివరికి గాలి చొరకుండా కప్పి, అంచుల మీద మట్టి వేసి 21 రోజులు ముట్టుకోకూడదు. మొదటి ఏడు కవరుకున్న చిరుగు చూసుకోలేదు, ఆ మూల గడ్డంతా బూజు పట్టి పెంటకుప్పలో పడింది.

విప్పగానే ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రేపటికి కావలసినంత ఈ సాయంత్రమే తీసి ఆరబెట్టి, మిగతాది కప్పేయండి. మొదట్లో బర్రెలు మూతి తిప్పుకుంటాయి. మామూలు గడ్డిలో కొంచెం కొంచెంగా కలిపి వారంలో అలవాటు చేశాను. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వద్దు. మిగిలిన యూరియా నీళ్లు బకెట్‌లో వదిలేశారో, దాహం మీదున్న బర్రె తాగి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

దాణాలో రోజూ 50 గ్రాముల మినరల్ మిక్చర్, పిడికెడు ఉప్పు కలుపుతాను.

మధ్యాహ్నం మా బర్రెలు నీళ్లు ముట్టేవి కావు. రోగమేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే, ఎండలో ఉన్న నల్ల ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలుతున్నాయి! సిమెంటు తొట్టి వేపచెట్టు కింద కట్టించాక ఆ గొడవ పోయింది. బర్రెకు చెమట తక్కువ, తోలు నలుపు. చెరువులో దింపే వీలు లేదు కాబట్టి పగలు రెండు మూడు సార్లు పైపుతో తడుపుతాను. ఎండాకాలం ఎదకొచ్చినా అరవవు, దాన్నే మూగ ఎద అంటారు. తెల్లవారుజామున ఒకసారి తోక కింద ఎద జిగురు తీగల్లా కారుతోందేమో చూసుకోండి.

తొలకరి పడగానే జొన్న మోళ్లకు పిలకలొస్తాయి. పచ్చగా కనిపించేసరికి ఆశపడి పోయిన ఏడు మా పడ్డను (ఇంకా ఈనని బర్రెను) అందులో వదిలాను. కాసేపటికే వణికి కూలబడింది. డాక్టరు వచ్చి నరానికి సూదిమందు ఎక్కించాడు కాబట్టి బతికింది. ఆ లేత పిలకల్లో సైనైడ్ విషం ఉంటుందట. ఇప్పుడు జొన్న పూతకు వచ్చేదాకా పశువులను ఆ చేను గట్టు కూడా ఎక్కనివ్వను.