486 మదర్‌బోర్డు మరమ్మతు – నాలుగవ పాఠం: రెగ్యులేటరు మార్పిడి

గత పాఠంలో పాతకాలపు 486 కంప్యూటరు బోర్డు నుంచి డీఎక్స్2-66 ప్రాసెసరును తీసి, అదే సాకెట్‌లో ఏఎండీ 5ఎక్స్86-133 అమర్చి, జంపర్లు మార్చుకున్నాము. మొదటిది 5 వోల్టుల మీద నడిచేది, రెండవది 3.45 వోల్టుల మీద నడిచేది. ఆ కాలపు ఏటీ రకం పవర్ సప్లై 5, 12 వోల్టులనూ వాటి మైనస్ వోల్టులనూ మాత్రమే ఇస్తుంది కనుక, 3.45ను మదర్‌బోర్డు తానే తయారుచేసుకోవాలి. సాకెట్ పక్కన, వేడిని లాగే లోహపు హీట్‌సింక్‌కు బిగించి, మూడు కాళ్ల మీద నిలబడి ఉన్న రెగ్యులేటరు పని అదే. నా బోర్డులో అది 3.1 దగ్గర ఊగిసలాడుతూ ఉండడంతో మార్చక తప్పలేదు. ఈ పాఠం చివర అమర్చమని చెప్పేవరకు ప్రాసెసరును సాకెట్ నుంచి తీసి, నల్లటి యాంటీ స్టాటిక్ స్పాంజిలో గుచ్చి పక్కన పెట్టండి.

ఏటీ క్యాబినెట్‌లో ముందువైపు ఉండే స్విచ్‌కు 230 వోల్టులు నేరుగా వస్తాయి. అందువల్ల స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు గోడ నుంచి ఊడదీసిన తరువాతనే లోపల చేయి పెట్టాలి.

ఏ రెగ్యులేటరు కొనాలన్నది మొదటి ప్రశ్న. మా విశాఖలో డాబాగార్డెన్స్‌లోనో జగదాంబ పరిసరాల్లోనో అడిగితే సులువుగా చేతికి వచ్చేది ఎల్‌ఎం 317, కానీ అది ఇక్కడ పనికిరాదు. లోపలికి వచ్చే వోల్టేజీ బయటికి పోయే దానికంటే దాదాపు 2 వోల్టులు ఎక్కువ ఉంటేనే అది నిలకడగా పనిచేస్తుంది, మన దగ్గర ఉన్న తేడా 1.55 మాత్రమే. ఎల్‌టీ 1085 అనే రెగ్యులేటరుకు గరిష్ఠంగా ఒకటిన్నర వోల్టు తేడా చాలు, 3 ఆంపియర్ల వరకు ఇస్తుంది. అయినా మిగులు ఎంత సన్ననిదో చూడండి. సప్లై 4.75కు దిగిందంటే తేడా 1.3కు పడిపోతుంది. విశాఖ తేమలో పవర్ కనెక్టర్ల పిన్నులు మసకబారి అక్కడే 0.1, 0.2 వోల్టులు మింగేస్తుంటాయి కాబట్టి, 5 వోల్టులను ప్లగ్గు దగ్గర కాకుండా రెగ్యులేటరు మూడవ కాలు దగ్గరే కొలవండి. అక్కడ 4.9 కంటే తక్కువ ఉంటే, సోల్డరింగ్ ఐరన్ వేడిచేయడానికి ముందు ఆ పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయని నా నమ్మకం.

ఇక పాతది ఊడదీయడం. దానిని మొత్తంగా పెకలించబోవద్దు. మూడు కాళ్లనూ కట్టర్‌తో కత్తిరించి, ఒక్కొక్క ముక్కకు ముందుగా కొద్దిగా కొత్త సోల్డరు తాకించి, అది పాత సోల్డరుతో కలిసి మెరిసిన క్షణంలో ముక్కను పట్టకారుతో లాగి, ఆ వెంటనే కరిగిన సోల్డరును పీల్చే సక్కర్ వాడండి. మధ్య కాలు వెడల్పైన రాగి పొరకు కలిసి ఉంటుంది కాబట్టి 25 వాట్ల ఐరన్ అక్కడ చల్లబడిపోతుంది. దానికి 60 వాట్లది కావాలి. సోల్డరు కరగకముందే లాగితే రంధ్రం లోపలి రాగి పూత కూడా కాలితోపాటు వచ్చేస్తుంది.

కాళ్ల వరుస విషయంలో చేతి అలవాటును నమ్మవద్దు. మామూలుగా వాడే 5 వోల్టుల రెగ్యులేటరు 7805లో వరుసగా ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్ ఉంటాయి. 1085లో అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్ ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, 7805 వెనుక ఉన్న లోహపు రేకు గ్రౌండ్, 1085 రేకు అవుట్‌పుట్. ఏళ్ల తరబడి 7805లు మార్చిన చేతితో నేను కరెంటును ఆపే మైకా ముక్క పెట్టకుండానే స్క్రూ బిగించాను. హీట్‌సింక్ అంచు క్యాబినెట్ రేకుకు తగిలి, 3.45 వోల్టులు తిన్నగా గ్రౌండ్‌లోకి పోయాయి. రెగ్యులేటరులోని షార్ట్ రక్షణ దానిని కాపాడింది గానీ, వేడి చూద్దామని తాకిన నా వేలిని ఎవరూ కాపాడలేదు. కాబట్టి 1085 రేకుకూ హీట్‌సింక్‌కూ మధ్య రెండు వైపులా వేడిని దాటించే పేస్టు రాసిన మైకా, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ పెట్టి, రేకుకూ హీట్‌సింక్‌కూ మధ్య మీటరు బీప్ చేయడం లేదని, అంటే కరెంటు దారి లేదని చూసుకున్నాకనే సోల్డరు చేయండి. ప్రతి ఆంపియరుకూ ఒకటిన్నర వాట్లకు పైగా వేడి పుడుతుంది కనుక హీట్‌సింక్ లేకుండా నడపవద్దు.

వోల్టేజీని నిర్ణయించేవి రెండు రెసిస్టర్లు. అవుట్‌పుట్‌కూ అడ్జస్ట్‌కూ మధ్య ఉన్నదానిని పై రెసిస్టరు అనీ, అడ్జస్ట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఉన్నదానిని కింది రెసిస్టరు అనీ అందాము. పై రెసిస్టరు మీద ఎప్పుడూ 1.25 వోల్టులే నిలుస్తాయి. కింది విలువను పై విలువతో భాగించి, ఒకటి కలిపి, 1.25తో గుణిస్తే అవుట్‌పుట్ వస్తుంది. పైన 120, కింద 210 ఓములు పెడితే 3.44, అడ్జస్ట్ కాలు నుంచి వచ్చే సన్నని కరెంటు కలిసి 3.45. పై రెసిస్టరును 120కి మించి పెంచకండి. ఈ రెగ్యులేటరుకు కనీసం 10 మిల్లీఆంపియర్ల లోడు కావాలి, ప్రాసెసరు లేనప్పుడు ఆ లోడు ఈ రెసిస్టరు నుంచే వస్తుంది. రెండూ ఒక శాతం రకమే, అంటే విలువలో ఒక శాతానికి మించి తేడా ఉండనివే వాడాలి. అవుట్‌పుట్ కెపాసిటరును కూడా ఇప్పుడే మార్చేయండి. 22 మైక్రోఫారడ్ల టాంటలం గానీ, 150 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ గానీ లేకపోతే 1085 స్థిరంగా ఉండదు. టాంటలం మీద గీత ఉన్న వైపు ప్లస్, ఎలక్ట్రోలిటిక్ మీద గీత ఉన్న వైపు మైనస్. ఈ తిరకాసు కనిపెట్టినవారికి ఒక దండం.

ప్రాసెసరు లేకుండానే పవర్ ఇవ్వండి. కొన్ని సప్లైలు లోడు చాలక మొదలు కావు, వాటికి ఒక పాత హార్డ్ డిస్క్ తగిలించండి. సప్లై నుంచి మదర్‌బోర్డుకు వచ్చే పీ8, పీ9 ప్లగ్గుల నల్లని తీగలు పక్కపక్కనే ఉండాలి. మీటరు నల్లని తీగను గ్రౌండ్‌కూ, ఎర్రని తీగను రెగ్యులేటరు రేకుకూ ఆనించండి. 3.4, 3.5 మధ్య వస్తే ప్రాసెసరును అమర్చి, పది నిమిషాల తరువాత మళ్లీ కొలవండి. 1.26 దగ్గర ఆగిపోతే పై రెసిస్టరు అతకలేదు. 4కు దగ్గరగా పోతే కింది రెసిస్టరు అతుకు తెగింది, ప్రాసెసరును బయటే ఉంచి ఆ అతుకును భూతద్దంతో చూడండి. ఉప్పు గాలికి పచ్చబడిన కాలిని గీకకుండా సోల్డరు చేసి ఉంటారు.