పాత ట్రాక్టరు క్లచ్ – 4వ పాఠం: బిగించాక గేరు గర్రుమంటే

డబుల్ క్లచ్‌లో పీటీవో (వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) సర్దుబాటు ఈసారి చెప్పాల్సింది, వచ్చే పాఠానికి జరిపాను. పోయిన పాఠం ప్రకారం ఇంజనూ గేరుబాక్సూ విడదీసి బండి మళ్లీ కలిపినవాళ్లలో చాలామంది గోడు ఒకటే: కొత్త క్లచ్ ప్లేటు వేశాం, గేరు వేస్తే గర్రుమంటోంది.

ఇంజను స్లోలో పెట్టి, పెడల్ పూర్తిగా తొక్కి, పది సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ గర్రుమంటే క్లచ్ వదలడం లేదు, అంటే పెడల్ తొక్కినా ఇంజను గేరుబాక్సును తిప్పుతూనే ఉంది.

వెంటనే చాలామంది పెడల్ రాడ్డు బిగించి పెడల్ ఫ్రీ ప్లే తీసేస్తారు. అక్కడే ప్లేటు చచ్చేది. ఫ్రీ ప్లే అంటే రిలీజ్ బేరింగుకీ (పెడల్ తొక్కితే జరిగి నొక్కేది) ఫింగర్లకీ (అది నొక్కితే ప్లేటును వదిలించే మీటలు) మధ్య ఉండే ఖాళీ. ప్లేటు మీది రాపిడి పొర (లైనింగ్) అరిగేకొద్దీ ఫింగర్లు బేరింగు వైపు జరుగుతాయి, అందుకే ఆ ఖాళీ. అది లేకపోతే బేరింగు ఎప్పుడూ తిరుగుతూ మాడుతుంది. ఫింగర్లు నొక్కుకునే ఉంటాయి కనుక స్ప్రింగుల బలం ప్లేటుకు పూర్తిగా అందదు. బరువు లేని బండి బాగానే నడుస్తుంది. దమ్ములో దిగినా, లోడు ట్రాలీతో గట్టు ఎక్కినా జారుతుంది, కమురు వాసన వస్తుంది. చాలా పాత బండ్లకు ఈ ఫ్రీ ప్లే పెడల్ చివర కొలిస్తే 20-25 మి.మీ. ఉండాలి. బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పట్టండి. అంత ఉండి కూడా వదలకపోతే తప్పు లోపలే.

ఇంజను ఆపి, హౌసింగ్ మూత తీసి, ఒకరిని పెడల్ మెల్లగా తొక్కమనండి. బేరింగు ఫింగర్లన్నిటినీ ఒకేసారి తాకాలి. ఒకటి ఆలస్యమైతే ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును అదిమే పలక) వంకరగా లేస్తుంది, ఫింగర్ల ఎత్తులు సరిచేయాలి.

ఫింగర్లు బాగుంటే ప్లేటు తిరగేసి పడిందేమో. చాలా బండ్లలో ప్లేటు నడిమి బొడ్డు పొడవున్న వైపు గేరుబాక్సు వైపుకు రావాలి. తిప్పి వేస్తే ఫ్లైవీల్ (ఇంజను వెనక తిరిగే బరువు చక్రం) బోల్టులకు తగులుతుంది.

ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య రెండు వేళ్ల సందు మిగిలినప్పుడు బోల్టులతో లాగి కలిపారా? ప్లేటు బొడ్డు వంగి ఉంటుంది. ఇంజను కొంచెం తిప్పితే స్ప్లైన్లు (షాఫ్టు మీది గాడులు) కుదిరి చేతితోనే కలవాలి.

కూత వస్తే: పెడల్ మీద కాలు ఆనగానే అయితే రిలీజ్ బేరింగు, పూర్తిగా తొక్కి గేరులో ఉంచాకే అయితే పైలట్ బేరింగు (ఫ్లైవీల్ మధ్యలో షాఫ్టు కొసను మోసేది). పైలట్ బేరింగు బాగున్నట్టు కనిపించినా నేను పాతది మళ్లీ వేయను.

అభ్యాసం: విప్పిన ప్లేటును షాఫ్టు మీదికి ఎక్కించి, అంచు దగ్గర కదలని సూది ఒకటి నిలిపి, ప్లేటు తిప్పుతూ ఎనిమిది చోట్ల సూదికీ ప్లేటుకీ మధ్య సందును ఫీలర్ గేజితో (సన్న సందులు కొలిచే రేకులు) కొలిచి రాయండి. ఎక్కువ తక్కువల తేడా ఒక మి.మీ. దగ్గరికొస్తే ఆ ప్లేటు వద్దు. కొత్త ప్లేటుకూ ఇదే కొలత తీశాకే వేయండి.