నవల పాఠానికి గళ్ళనుడికట్టు: తయారీ, వాడకం

నవల చదవడం పూర్తయిన వారం పది రోజులకు ప్రశ్నలు అడిగితే, కథ స్థూలంగా ఎలా నడిచిందో విద్యార్థుల్లో చాలామంది చెప్పగలుగుతారు గానీ, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ సంఘటన ముందు జరిగింది, ఏ వస్తువు ఎవరి చేతికి చేరింది అన్న దగ్గర తడబడతారు. ఈ వివరాలు జారిపోతే పాత్రల స్వభావం గురించి రాసే జవాబుకు ఆధారమే ఉండదు. ఈ లోటును పూరించడానికి గళ్ళనుడికట్టు (క్రాస్‌వర్డ్ పజిల్) బాగా పనికివస్తుంది, అయితే దాన్ని కాలక్షేపంగా కాక, పుస్తకం మూసి జ్ఞాపకం నుంచి తోడుకునే అభ్యాసంగా రూపొందించాలి.

ఇందుకు బలమైన కారణం ఉంది. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక భాగాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందంజలో ఉన్నారు. కానీ రెండు రోజుల తర్వాత, వారం తర్వాత చూస్తే, చదివింది గుర్తు చేసుకుని రాసినవారికే ఎక్కువ విషయం నిలిచింది. ఆ ప్రయోగాలు గళ్ళనుడికట్టు మీద చేసినవి కావు, అయినా ఆధారం, అంటే పదాన్ని పట్టుకోవడానికి ఇచ్చే సూచన, చూసి జవాబును లోపలి నుంచి వెలికితీయడం అదే కోవకు చెందిన పని. అందువల్ల చదివిన రోజునే పజిల్ ఇవ్వడం కంటే, కొద్దిగా మరుపు మొదలయ్యాక, అంటే మూడు నాలుగు రోజుల తర్వాత ఇవ్వడం మేలు.

మొదట పదాల జాబితా రాసుకోవాలి. పాత్రల పేర్లు, ఊళ్ళు, వృత్తులు, కథను మలుపు తిప్పిన వస్తువులు, ఒక పాత్ర నోట పదేపదే వచ్చే మాట, ఇలా ఇరవై ఐదు దాకా పోగుచేస్తే పజిల్‌లో పదిహేనో పదహారో ఇముడుతాయి. అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది గళ్ళ చదరం తరగతికి చాలు. పత్రికల్లోలాగా నల్లగళ్ళు అందంగా సమతూకంలో ఉండాలన్న పట్టింపు ఇక్కడ అనవసరం.

తెలుగులో గడికి ఒక అక్షరం, అంటే గుణింతం, ఒత్తు, సున్నతో సహా మొత్తం ఒకే గడిలో రాయాలి. ‘ఉత్తరం’ మూడు గళ్ళు, ‘రంగస్థలం’ నాలుగు గళ్ళు. అడ్డంగా రాసిన ‘ఉత్తరం’ చివరి ‘రం’ నుంచి ‘రంగస్థలం’ నిలువుగా దిగుతుంది. ‘తి’, ‘తీ’ ఒకదానికొకటి పనికిరావు కాబట్టి కూడళ్ళు దొరకడం కష్టమే. పొడవైన పదాలను ముందు పరచి, చిన్నవాటిని తర్వాత అమర్చడం, ‘డాక్టర్’ వంటి హలంతాలను ‘డాక్టరు’ అని అజంతం చేసుకోవడం ఈ కష్టాన్ని కొంత తగ్గిస్తాయి. ఇంగ్లీషు కోసం తయారైన సాఫ్ట్‌వేర్లు కొన్ని గుణింతాన్నీ ఒత్తునూ విడదీసి వేరు వేరు గళ్ళలో పడేస్తాయి. అప్పుడు నాలుగు గళ్ళ ‘రంగస్థలం’ ఎనిమిది గళ్ళకు సాగుతుంది. గళ్ళ కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోవడమే సుఖం.

అసలు శ్రమంతా ఆధారాల్లో ఉంది. ఒక నవలలో అటక మీది ట్రంకుపెట్టెలో దొరికిన ఉత్తరం వల్ల పెళ్ళి ఆగిపోయిందనుకుందాం. ‘లేఖ (3)’ అని, అంటే జవాబుకు పట్టే గళ్ళ సంఖ్యను పక్కన వేసి, ఆధారం ఇస్తే నవల ముట్టుకోనివారు కూడా నింపేస్తారు, అది పర్యాయపదాల పరీక్ష. ‘కథలో ఒక ముఖ్యమైన వస్తువు (3)’ అంటే చదివినవారికి కూడా ఏ వస్తువో తేలదు. ‘ట్రంకుపెట్టెలో ఇన్నేళ్ళూ పడి ఉండి, బయటపడగానే పెళ్ళిని ఆపించింది (3)’ అంటే ఆ సన్నివేశం కళ్ళముందు కదిలితే తప్ప జవాబు రాదు, కదిలితే మాత్రం తప్పకుండా వస్తుంది. ప్రతి ఆధారానికీ ఇదే గీటురాయి: నవల చదవనివారికి అందకూడదు, చదివినవారికి రెండు జవాబులు తోచకూడదు. తిరగేసి రాయడం, అక్షరాలు కలగాపులగం చేయడం వంటి పత్రికల చమత్కారాలు నాకూ ఇష్టమే, కానీ అవి విద్యార్థి దృష్టిని కథ నుంచి మాట మీదికి మళ్ళిస్తాయి. నవలను భాగాలుగా చెబుతున్నట్లయితే, ఇంకా చదవని అధ్యాయాల గుట్టు ఆధారంలో బయటపడకుండా చూసుకోవాలి.

తరగతిలో మొదటి పదిహేను నిమిషాలు పుస్తకాలు మూసి, ఎవరికి వారే నింపాలి. జవాబుల జాబితాను పక్కన అచ్చువేసి ఇస్తే గుర్తుచేసుకునే పని పోయి ఏరుకునే పని మిగులుతుంది. వెనకబడినవారికి మొదటి అక్షరం అందిస్తే సరిపోతుంది. ఆ తర్వాత ఇద్దరిద్దరిని కలిపి కూర్చోబెడితే, కూడలిలో అక్షరం పొసగనప్పుడు ఎవరి జవాబు తప్పో వాళ్ళే వాదించుకుని తేల్చుకుంటారు. చివరి ఐదు నిమిషాలకు పుస్తకం తెరిచి, ఖాళీగా మిగిలిన వాటిని, తప్పుపోయిన వాటిని సంబంధిత పేజీలో వెతికి దిద్దుకోవాలి. దీనికి మార్కులు వేయకపోవడమే మంచిది, వేస్తే పక్కవారి కాగితం చూడటం మొదలవుతుంది.

గళ్ళు పట్టేవి పేర్లు, వస్తువులు, స్థలాలు మాత్రమే. పాత్ర ఎందుకలా ప్రవర్తించిందన్నది ఏ గడిలోనూ పట్టదు. అందుకే నింపిన పదాల్లో మూడింటిని ఎంచుకుని, ఒక్కొక్కటీ కథను ఎటు నడిపించిందో రెండు వాక్యాల్లో రాయించాలి. నవల ముగిశాక ఆధారాలు రాసే పనిని విద్యార్థులకే అప్పగించవచ్చు. నలుగురేసి జట్టుగా ఒక్కో అధ్యాయం తీసుకుని అయిదారు పదాలకు ఆధారాలు రాసి మరో జట్టుకు ఇస్తారు. అవతలివారు వేరే జవాబు నింపి, అదీ సరిపోతుందని పుస్తకం చూపించి నిరూపిస్తే, ఆధారాన్ని తిరగరాయాల్సింది మొదటి జట్టే.