రోజూ మోయగలిగే ల్యాప్‌టాప్‌ను తక్కువ ధరలో ఎలా ఎంచుకోవాలి?

మూడేళ్ల కిందట మా తమ్ముడు కాలేజీలో చేరినప్పుడు ల్యాప్‌టాప్ కొన్నాం. పెద్ద స్క్రీన్, రంగురంగుల లైట్ల కీబోర్డు చూసి ఇంటిల్లిపాదికీ నచ్చింది. బరువు 2.3 కిలోలు, దానికి తోడు ఇటుకంత ఛార్జర్. వాడు పొద్దున్నే జమ్మికుంటలో రైలెక్కి, కాజీపేటలో దిగి, బస్సులో హన్మకొండ పోవాలి. నెల తిరగకముందే "భుజం గుంజుతుందక్కా" అని దాన్ని ఇంట్లోనే పెట్టి పోవడం మొదలుపెట్టాడు. ప్రాజెక్టు పనంతా ఫోన్‌లోనే సాగింది. అమ్మానాన్నలు చిట్టీ ఎత్తి కొన్న వస్తువు అది. ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. ఈ ఏడాది చెల్లి వంతు వచ్చినప్పుడు ముందు బ్యాగు చూశాం, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ చూశాం. అదే వరుసలో చెబుతాను.

1. ముందు బరువు తేల్చుకోండి

ఒక లీటరు నీళ్ల సీసా, ఒక అర లీటరు సీసా నింపి కాలేజీ బ్యాగులో పెట్టండి. అది కిలోన్నర. పుస్తకాలు, టిఫిన్ డబ్బాతో కలిపి రెండు రోజులు రోజూ పోయే దారిలోనే మోసి చూడండి. రైలులో నిలబడాల్సి వస్తే ఎలా ఉందో, బస్సు మెట్లు ఎక్కేటప్పుడు ఎలా ఉందో తెలిసిపోతుంది. ఇంకో అర లీటరు సీసా పెడితే రెండు కిలోలు. తేడా మీ భుజమే చెబుతుంది.

14 అంగుళాల ల్యాప్‌టాప్‌లు చాలావరకు 1.3 నుంచి 1.5 కిలోల మధ్య ఉంటాయి. 15.6 అంగుళాలవి 1.6 నుంచి 1.8 దాకా వస్తాయి. గేమింగ్‌వి రెండు కిలోలు దాటుతాయి. హాస్టల్‌లో ఉండి, గది నుంచి పెద్దగా కదలని వాళ్లకు పెద్ద స్క్రీనే హాయి. రోజూ ప్రయాణం చేసేవాళ్లు మాత్రం 14 అంగుళాలు దాటకపోవడం మంచిదని నా అభిప్రాయం.

2. కోర్సులో ఏం వాడతారో సీనియర్లను అడగండి

బీకాం వాళ్లకు లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ కావాలి, అది విండోస్ మీదే నడుస్తుంది. విండోస్ బదులు గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్ చవక, తేలిక కూడా. కానీ అందులో ట్యాలీ ఎక్కదు, కాబట్టి వాళ్లు అటు పోవద్దు. బీఏ, ఎంఏ వాళ్లకు టైపింగ్, పీడీఎఫ్‌లు, వీడియో పాఠాలే కాబట్టి మామూలు ప్రాసెసర్ (ల్యాప్‌టాప్ పనంతా నడిపే ముఖ్యమైన చిప్) చాలు. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంటుంది, సెట్టింగ్స్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే సరిపోతుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వాడేట్టయితే 16 జీబీ ర్యామ్‌కు (పని నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ) సిద్ధపడాలి. మెకానికల్, సివిల్ వాళ్ల త్రీడీ డిజైన్ పనికి తేలికపాటి చవక మోడల్ సరిపోకపోవచ్చు. వాళ్లు కొనేముందు కాలేజీ ల్యాబ్‌లో ఏ సిస్టమ్ మీద ఆ పని చేయిస్తున్నారో చూసి రావాలి.

3. ప్రాసెసర్ పేరంతా చదవండి

చాలామంది మోసపోయేది ఇక్కడే. ఇంటెల్ "ఐ3", ఏఎండీ "రైజెన్ 5" అన్నంత మాత్రాన ఏమీ తెలియదు. వెనకాల ఉన్న అంకెలు చూడాలి. రైజెన్ 7000 వరుసలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2 డిజైన్, 4 కోర్లు (పని పంచుకునే భాగాలు). 7530యూలో 3, అంటే దాని తర్వాతి జెన్ 3, 6 కోర్లు. రెండింటి మీదా రైజెన్ 5 అనే స్టిక్కరే ఉంటుంది. ఇంటెల్‌లో ఐ3-1215యూ చదువు పనికి బాగా సరిపోతుంది. చివర యూ ఉంటే తక్కువ కరెంటు తీసుకునేది, హెచ్ ఉంటే ఎక్కువ తాగేది, వేడెక్కేది. మన దగ్గర మే నెల ఎండల్లో ఫ్యాన్ కింద కూర్చున్నా ఆ వేడి తెలుస్తుంది.

పాత సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (నెమ్మదిగా నడిచే చవక రకం) స్టోరేజ్ ఉన్నవి ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. విండోస్ 11 ఎక్కడానికే కనీసం 64 జీబీ కావాలి. అప్‌డేట్లకే అది నిండిపోతుంది.

4. ర్యామ్ పెంచుకోవచ్చో లేదో షాపులోనే చూడండి

ఈరోజు 8 జీబీ చాలు, మూడో ఏడాదికి చాలదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేం. పైన చెప్పిన 7520యూ మోడళ్లన్నీ అంతే. షాపులో డెమో పీస్ ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ దగ్గర "ఫామ్ ఫ్యాక్టర్" అని ఉంటుంది. అక్కడ ఎస్ఓడిమ్ అని ఉంటే స్లాట్‌లో పెట్టింది. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అతికించింది. అతికించిందైతే ఖాళీ స్లాట్ ఇంకొకటి ఉందేమో అడగండి, లేకపోతే మొదటే 16 జీబీది తీసుకోండి. స్టోరేజ్ 512 జీబీ ఎస్ఎస్‌డీ (వేగంగా నడిచే రకం) ఉంటే టెన్షన్ ఉండదు.

5. స్క్రీన్, ఛార్జర్

స్క్రీన్‌ను పక్క నుంచి చూడండి. రంగులు వెలిసిపోతే వద్దు, ఐపీఎస్ ప్యానెల్ అయితే అలా జరగదు. రిజల్యూషన్ 1920 బై 1080 ఉండాలి. ఇక టైప్-సీతో ఛార్జ్ అయ్యేదాన్ని వెతకండి. చిన్న 65 వాట్ల ఛార్జర్ ఒకటే ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ పనికొస్తుంది, బ్యాగులో బరువూ తగ్గుతుంది.

6. బడ్జెట్ పాతిక వేల లోపే అయితే

కొత్త నాసిరకం కన్నా మంచి సెకండ్ హ్యాండే మేలని గట్టిగా చెబుతాను. కంపెనీలు వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490 లాంటివి గట్టివి, బరువు కిలోన్నర అటూ ఇటూ. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఇలాంటివి దొరుకుతాయి. ఇంటెల్ 8వ తరం కన్నా పాతది మాత్రం తీసుకోవద్దు. విండోస్ 11కు అవి పనికిరావు, విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

బ్యాటరీ కూడా చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport అని కొడితే ఒక రిపోర్టు తయారవుతుంది. డిజైన్ కెపాసిటీ 50 ఉండి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 30 చూపిస్తే బ్యాటరీ నలభై శాతం అరిగినట్టే. కొత్త బ్యాటరీ వేసివ్వమనండి, లేదా ఆ మేరకు ధర తగ్గించమనండి.

7. డబ్బులు కట్టే ముందు

"బిల్లు లేకుండా రెండు వేలు తగ్గిస్తా" అంటే ఒప్పుకోవద్దు. సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు తీసుకుని, అట్టపెట్టె మీది నంబరు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న నంబరు, బిల్లులోని నంబరు మూడూ ఒకటేనా చూడండి. వారంటీలో మనిషి మీ ఊరికి వచ్చి బాగుచేస్తాడా, లేక మీరే సర్వీస్ సెంటర్‌కు మోసుకుపోవాలా అని అడగండి. పల్లెల్లో ఉండేవాళ్లకు ఇది పెద్ద తేడా. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ విప్పేటప్పుడు ఒకరు వీడియో తీయాలి. అదే రోజు ప్రతి కీ నొక్కి, వైఫై, కెమెరా, స్పీకర్లు, అన్ని పోర్టులూ చూసి, ఛార్జర్ తీసేసి పూర్తిగా దిగేదాకా వాడి చూడండి. వాపసు గడువు కొద్ది రోజులే ఉంటుంది.