చవితినాడు హంపిలో ఉంటే

వినాయక చవితి సెలవుల్లో హంపి వెళ్లేవాళ్లు బ్యాగులో కాస్త పసుపు, బియ్యం, బెల్లం ముక్క, వ్రతకథ పుస్తకం పడేసుకోండి, చాలు. పత్రి కోసం హైరానా వద్దు, గరిక ఎక్కడైనా దొరుకుతుంది. పొద్దున్నే రూములోనే పసుపు గణపతిని చేసుకుని, కథ చదివి, నెత్తిన అక్షింతలు వేసుకున్నాకే బయటికి కదలండి, ఎందుకంటే సాయంత్రం అందరూ హేమకూటం ఎక్కి సూర్యాస్తమయం చూస్తారు కదా, మబ్బు లేకపోతే చవితి చంద్రుడు సరిగ్గా ఆ పడమటి వైపే, కాస్త ఎత్తులో కనిపిస్తాడు! మా అత్తయ్యయితే కళ్లు మూసుకునే కొండ దిగుతానంది.

అదే కొండకి దక్షిణాన, కిందే ఉన్న సాసివెకాళు గణపతిని మాత్రం వదలొద్దు. ఒకే రాయి, దాదాపు 8 అడుగులు, పొట్టకి చుట్టిన పాము. 1506లో చంద్రగిరి వ్యాపారి ఒకాయన కట్టించాడని శాసనం, అంటే మనవైపు మనిషే. ముందు నుంచి ఫొటో తీసుకుని వచ్చేయకుండా వెనక్కి కూడా వెళ్లండి, పార్వతమ్మ వీపు కనిపిస్తుంది, అమ్మ ఒళ్లో కూర్చున్నట్టు చెక్కారు. కొబ్బరికాయ కొట్టే పని మాత్రం విరూపాక్షుడి గుళ్లో పెట్టుకోండి.