కట్టెలు చీల్చే మిషన్‌లో జోరు తగ్గితే పంపు మార్చే ముందు ఇవి చూడండి

మా జంగారెడ్డిగూడెం వైపు పొగాకు బ్యారన్లు (కట్టెల వేడితో ఆకు ఆరబెట్టే గదులు) ఉన్నోళ్ళకి కట్టెల బాధ తెలుసు, సన్న కట్టెలైతే పర్లేదు కానీ మామిడి మొద్దులు, తుమ్మ దుంగలు వచ్చాయంటే గొడ్డలితో చీల్చే మనిషి దొరకట్లేదు. అందుకే స్క్రాప్‌లో పాత లోడర్ సిలిండర్ ఒకటి తెచ్చి వెల్డింగ్ షాపులో ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ మిషన్ కట్టించుకున్నాం. సిలిండర్ బోరు (లోపలి వెడల్పు) 100 ఎంఎం, స్ట్రోక్ (లోపలి రాడ్ కదిలే దూరం) 600 ఎంఎం, మోటార్ 7.5 హెచ్‌పీ త్రీఫేజ్, ఒక్కో చుట్టుకి 16 సీసీ ఆయిల్ తోసే గేర్ పంపు. రెండు నెలలు బ్రహ్మాండంగా చీల్చింది, తర్వాత బ్లేడు దుంగలోకి రెండంగుళాలు దిగి అక్కడే ఆగిపోవడం మొదలైంది. పంపు పోయిందన్నారు, మార్చా, మళ్ళీ అదే కథ. చివరికి రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేసేది) విప్పి చూస్తే లోపల పాపెట్ (దారి మూసే బిరడా) కూర్చునే చోట గోరంత తెల్లటి టెఫ్లాన్ టేప్ ముక్క ఇరుక్కుని ఉంది. నిప్పుల్‌కి చుట్టిన టేపే తెగి ఆయిల్‌తో పాటు అక్కడిదాకా వచ్చింది. పంపు డబ్బులు ఊరికే పోయాయి.

కాబట్టి ముందు పంపులోంచి ఆయిల్ బయటికొచ్చే దగ్గర ఒక టీ జాయింట్ వేసి 250 బార్ దాకా చూపించే ప్రెషర్ గేజి పెట్టుకోండి, అది లేకుండా ఏం విప్పినా చీకట్లో చెయ్యి పెట్టినట్టే. మా సైజుకి లెక్క చెప్తా, 16 సీసీ పంపు 1440 ఆర్‌పీఎం మీద నిమిషానికి 23 లీటర్లు తోస్తుంది, సిలిండర్ నిండడానికి 4.7 లీటర్లు కావాలి, అంటే దుంగ లేకుండా రాడ్ పూర్తిగా బయటికి రావడానికి 12 సెకన్లు. రిలీఫ్ 120 బార్ మీద పెడితే తొమ్మిదిన్నర టన్నుల తోపు వస్తుంది, 7.5 హెచ్‌పీకి అంతకు మించి పెట్టకూడదు.

ఇప్పుడు ఫోన్లో టైం పెట్టి ఖాళీగా నడపండి, చివరికి వెళ్ళాక లివర్ రెండు సెకన్లు అలాగే నొక్కి గేజి చూడండి. ఖాళీగా కూడా టైం బాగా ఎక్కువ పడుతోందంటే పంపుకి ఆయిల్ సరిగా అందట్లేదు, లేదా పంపే అరిగింది. టైం బానే ఉండి గేజి 60, 70 దగ్గర ఆగిపోతే తప్పు రిలీఫ్ వాల్వ్‌ది గానీ పిస్టన్ సీల్‌ది (సిలిండర్ లోపల ఆయిల్ అవతలి వైపు దాటకుండా ఆపే రింగు) గానీ. గేజి 120 చూపిస్తూ కూడా దుంగ చీలట్లేదంటే హైడ్రాలిక్ జోలికి వెళ్ళొద్దు, బ్లేడు మొద్దుబారింది లేదా దుంగలో ముడి ఉంది, తిప్పి పెట్టండి.

రిలీఫ్ విప్పే ముందు దాని ప్రెషర్ సెట్ చేసే స్క్రూ మీద పెయింట్ గుర్తు పెట్టుకుని ఎన్ని చుట్లు వచ్చిందో లెక్కపెట్టండి. జోరు లేదని దాన్ని బిగించేస్తూ పోవద్దు, మోటార్ ట్రిప్ అవ్వడమో హోస్ (ఆయిల్ వెళ్ళే రబ్బరు పైపు) పగలడమో జరుగుతుంది. పిస్టన్ సీల్ చూడాలంటే రాడ్ పూర్తిగా బయటికి తీసి, మోటార్ ఆపి, రాడ్ వైపు హోస్ విప్పి దాని మూతికి ప్లగ్ వేసేయండి, సిలిండర్ రంధ్రం కింద బకెట్ పెట్టి పక్కకి నిలబడి మళ్ళీ బయటికి తోసే లివరే నొక్కండి. ఆ రంధ్రంలోంచి ఆయిల్ ఆగకుండా వస్తుంటే సీల్ పోయినట్టే.

ఇక్కడ ఒక్కటి బతిమాలి చెప్తున్నా, లీకు ఎక్కడుందా అని హోస్ మీద చెయ్యి పెట్టి తడమొద్దు. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి చిన్న గాటులా కనపడుతుంది కానీ వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఎవరికైనా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ప్రెషర్ ఆయిల్ లోపలికి పోయిందని డాక్టర్‌కి చెప్పండి. ఏ హోస్ విప్పినా ముందు మోటార్ ఆపి, లోపలి ప్రెషర్ పోయేలా లివర్ రెండు వైపులా ఆడించాలి.

పంపు కీచుమంటూ గులకరాళ్ళు వేసినట్టు మోగుతుంటే సక్షన్ వైపు, అంటే పంపు ట్యాంకులోంచి ఆయిల్ లాగే వైపు చూడండి. మొదట ఆయిల్ వడకట్టే జాలీ, తర్వాత పైపు. మాకు మొదట్లో మామూలు నీళ్ళ పైపు వేశారు, వేడెక్కాక అది లోపలికి నొక్కుకుపోయేది, లోపల తీగ చుట్టిన సక్షన్ హోసే వేయాలి. ట్యాంకులో నురగ కూడా ఉంటే జాయింట్లో గాలి లాగుతోంది, ఒక్కో జాయింట్‌కి గ్రీజు పూస్తూ వెళ్ళండి, ఎక్కడ పూసినప్పుడు మోత తగ్గిందో అదే దొంగ. రిటర్న్ పైపు ఆయిల్ పైనుంచి ధారగా పడుతున్నా నురగే, దాని మూతి ఆయిల్లో మునిగి ఉండాలి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే సీసాలో పట్టి ఒక రాత్రి ఉంచండి, తేటపడితే గాలి, అలాగే ఉన్నా అడుగున నీరు కనపడినా నీళ్ళు కలిశాయి, ఆయిల్ మార్చాల్సిందే. మా ఎండలకి 68 గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిల్ వాడుతున్నా.

కరెంటు పని చేసి వెళ్ళాక మిషన్ అస్సలు కదలకపోతే ముందు మోటార్ ఎటు తిరుగుతోందో చూడండి. ఫేజులు మారితే పంపు వెనక్కి తిరుగుతుంది, ప్రెషర్ సక్షన్ వైపుకొచ్చి షాఫ్ట్ సీల్ తన్నేస్తుంది. వెంటనే ఆపేసి రెండు ఫేజులు అటూఇటూ మార్పించండి.

అంతా బిగించాక రాడ్ లోపలికి ఉన్నప్పుడే ఆయిల్ లెవెల్ చూసి పోయండి. మాది 50 ఎంఎం రాడ్, అది బయటికి ఉండగా ట్యాంకు నిండా పోస్తే లోపలికి లాగినప్పుడు లీటరు పైన ఆయిల్ బయటికి పొర్లిపోతుంది. తర్వాత దుంగ పెట్టకుండా నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ ఆడించండి, గాలంతా పోతుంది, మళ్ళీ ఒకసారి లెవెల్ చూసుకుని అప్పుడు మొదటి దుంగ పెట్టండి.